మొరగని కుక్కను గమనించండి

ఆర్థర్ కోనన్ డాయిల్ 1892లో ప్రచురించిన ‘సిల్వర్ బ్లేజ్’ కథలో, రాత్రివేళ గుర్రాన్ని తీసుకుపోతున్నా శాలలోని కుక్క మొరగలేదన్న విషయాన్ని బట్టి, ఆ పని చేసినవాడు దానికి బాగా తెలిసిన మనిషేనని షెర్లాక్ హోమ్స్ గ్రహిస్తాడు. జరగవలసినది జరగకపోవడాన్ని గమనించే ఈ చూపు ఉద్యోగంలో ఎంతో విలువైనదని నా గట్టి నమ్మకం. సమావేశం ముగిసిన వెంటనే, ఎవరు ఏమన్నారో రాసుకోవడంతో ఆగకుండా, ఎవరూ అడగని ప్రశ్న ఏది, గడువు చెప్పకుండా వదిలేసిన పని ఏది, ఎప్పుడూ అభ్యంతరం తెలిపే సహోద్యోగి ఈసారి ఎందుకు మౌనంగా ఉన్నారు అన్నవి కూడా క్లుప్తంగా రాసిపెట్టుకోండి. కొత్తగా చేరినవారికి ఇది మరింత ఉపయోగపడుతుంది. అయితే కథానాయకుడిలా అందరి ముందు నిర్ధారణ ప్రకటించకుండా, సంబంధిత వ్యక్తినే విడిగా, మర్యాదగా అడిగి తెలుసుకోండి.