ఇంట్లో చదివే పిల్లలకి ఆకాశం నేర్పడం ఎలా? చందమామతో మొదలుపెట్టండి

పిల్లల్ని ఇంటి దగ్గరే చదివించుకునే తల్లిదండ్రులు ఖగోళం మొదలుపెట్టాలనుకోగానే చేసే పని ఒకటే. గోడకి సౌరకుటుంబం చార్టు అంటిస్తారు. బుధుడు, శుక్రుడు, భూమి అంటూ వారం రోజులు వల్లె వేయిస్తారు. పిల్లవాడు ఎనిమిది పేర్లూ గడగడా అప్పజెబుతాడు, ఇంట్లో అందరూ సంతోషిస్తారు. ఆ సాయంత్రమే వాణ్ని డాబా మీదికి తీసుకెళ్లి "చందమామ రేపు ఇదే వేళకి ఎక్కడుంటాడు?" అని అడగండి. చెప్పలేడు. అడిగిన పెద్దవాళ్లు కూడా చాలాసార్లు చెప్పలేరు.

శ్రీకాకుళంలో మా ఇద్దరు పిల్లలకీ, తర్వాత మా వీధిలో పిల్లలకీ ఏడేళ్లుగా ఇది నేర్పుతున్నాను. నా పద్ధతిలో వరస మారదు. ముందు ఒక నెల పిల్లలు చందమామని చూడాలి. ఆ తర్వాతే మనం నోరు తెరవాలి. ఆ నెల్లాళ్లు ఆగలేకపోతే మిగతాదంతా కంఠస్థమే అవుతుంది.

కావాల్సినవి

గీతలు లేని నోటుపుస్తకం, పెన్సిలు, ఇంట్లో గోడకి వేలాడే తెలుగు క్యాలెండరు, హోల్డరులో మామూలు బల్బు, నిమ్మకాయంత థర్మోకోల్ బంతి, దానికి గుచ్చడానికి ఒక పుల్ల. అంతే. రంగు పెన్సిళ్లు వద్దు. రంగులేసే ధ్యాసలో పడి ఆకారం సరిగ్గా చూడరు. ఫోన్లో నక్షత్రాలు చూపించే యాప్ వద్దు. దాన్ని చేతికిస్తే పిల్లలు ఫోన్‌ని చూస్తారు, ఆకాశాన్ని చూడరు.

టెలిస్కోపు మొదటి ఏడాది అసలు వద్దు. ఈ మాట అంటే కొందరు నొచ్చుకుంటారు, కానీ ఆకాశంలో ఏది ఎక్కడుందో తెలియని పిల్లలకి అది పనికిరాదు. మన పక్కనే ఒడిశాలో 19వ శతాబ్దంలో పఠాణి సామంత ఉండేవారు. టెలిస్కోపు లేకుండా, వెదురు బద్దలతో, చెక్కతో సొంతంగా చేసుకున్న పనిముట్లతో గ్రహాల గమనాన్ని లెక్కగట్టారు. మన పిల్లలకి ఒక ఏడాది కళ్లు చాలు. చెయ్యి చాచి పిడికిలి బిగించి పడితే ఆకాశంలో అది దాదాపు 10 డిగ్రీలు కప్పుతుంది, కొలతకి అది చాలు. ధ్రువ నక్షత్రం మన శ్రీకాకుళంలో 18 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, అంటే రెండు పిడికిళ్లకి కాస్త తక్కువ. అంత కిందన ఉంటుంది కాబట్టి ఉత్తరాన చెట్లో మేడలో అడ్డం లేని చోటు చూసుకోండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

దీపావళి మర్నాడు. వర్షాకాలంలో మొదలుపెట్టినవాళ్లు వారానికే విసుగొచ్చి మానేస్తారు, మబ్బుల్లో ఏమీ కనబడదు. దీపావళి ఎలాగూ అమావాస్యే కాబట్టి చందమామ కథ మొదటి నుంచి దొరుకుతుంది. రోజూ సాయంత్రం ఆరింటికి డాబా మీద ఒకే చోట నిలబడి, ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్లూ నీళ్ల ట్యాంకూ గీసి, వాటికి పైన చందమామ ఎక్కడున్నాడో, వెలుగు ఏ వైపుందో వేయించండి. పక్కన తారీకు, తిథి రాయించండి. ఐదు నిమిషాల పని. మబ్బు పడితే "మబ్బు" అని రాయాలి, ఊహించి బొమ్మ వేయకూడదు. ఈ నియమాన్ని మాత్రం సడలించొద్దు.

నాగుల చవితి నాటికి పడమట సన్నటి వంక. అష్టమికి దక్షిణాన బాగా ఎత్తులో సగం చందమామ. కార్తీక పౌర్ణమి నాడు వీలైతే కళింగపట్నం తీరానికో బారువ తీరానికో తీసుకెళ్లండి. వెనక ఊరి వైపు సూర్యుడు దిగుతుంటే ముందు సముద్రంలోంచి చందమామ లేస్తాడు. తను ఆ ఇద్దరి మధ్యా నిలబడి ఉన్నానని పిల్లకి ఒంటికి తెలియాలి. తర్వాత చందమామ రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా లేస్తాడు కాబట్టి చూడటం తెల్లవారి ఆరింటికి మార్చండి. మా చిన్నవాడు అప్పుడే మొదటిసారి "ఏటమ్మా, చందమామ పగలు కూడా ఉంటాడేటి?" అని అడిగాడు. ఆ ప్రశ్న దానంతటదే వచ్చేదాకా ఆగాలి.

పుస్తకాల్లో నెలవంక బొమ్మ నిటారుగా నిలబడి ఉంటుంది. ఆ బొమ్మలు మనకి బాగా ఉత్తరాన ఉన్న దేశాల నుంచి వచ్చినవి. మన దగ్గర కార్తీకంలో వంక ఏటవాలుగా ఉంటుంది, మాఘ ఫాల్గుణాల్లో దాదాపు పడవలా వెల్లకిలా పడుకుంటుంది. పిల్లలు చూసింది చూసినట్టు వేస్తే "బొమ్మ తప్పు" అని దిద్దకండి. తప్పు పుస్తకానిది.

పనిలో పని, వారానికోసారి సూర్యుడు ఏ తాటిచెట్టు పక్కన లేచాడో కూడా గుర్తు పెట్టించండి. మన అక్షాంశంలో సూర్యోదయం అసలు తూర్పుకి అటూ ఇటూ రెండున్నర పిడికిళ్ల దూరం దాకా జరుగుతుంది. డిసెంబరు 22 ప్రాంతంలో బాగా దక్షిణానికి వెళ్లి ఆగుతాడు. సంక్రాంతి నాటికే వెనక్కి జరగడం మొదలైందని పిల్లలే కనిపెడతారు. ఇలా గుర్తులు పెట్టుకున్న పిల్లలకి మన అరసవల్లి ఎంత గొప్ప పాఠమో చూడండి. మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదటి వారంలోనూ పొద్దున్నే సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. ఆ రెండే ఎందుకు? పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుని విషువత్తు అంటారు. మార్చి విషువత్తుకి సుమారు పది రోజుల ముందు, సెప్టెంబరు విషువత్తుకి సుమారు పది రోజుల తర్వాత సూర్యుడు తూర్పున ఒకే చోట లేస్తాడు. ఒకసారి ఉత్తరానికి వెళుతూ, ఒకసారి దక్షిణానికి వస్తూ. గుడి కట్టినవాళ్లకి ఇది తెలుసు. ఒక్క సంవత్సరం డాబా మీద గీతలు గీసుకున్న పిల్లకి కూడా తెలుస్తుంది.

బల్బూ బంతీ: ఇక్కడ తొందరపడొద్దు

చందమామ ఎందుకు పెరిగి తరుగుతాడో బల్బూ బంతీ పెట్టి చూపించడం అందరికీ తెలిసిన ప్రయోగమే. నేను వెళ్లిన ఇళ్లలో దాదాపు అన్నిచోట్లా దీన్ని పాడుచేస్తూనే చూశాను. పాడైతే పాఠం పోయిందిలే అని ఊరుకోవడానికి లేదు. "భూమి నీడ పడితే చందమామ తరుగుతాడు" అనే తప్పు పిల్లల బుర్రలో నాటుకుపోతుంది. పెద్ద చదువులు చదివినవాళ్లలో కూడా ఇది కనబడుతుంది. మా పెద్దమ్మాయికి మొదటిసారి చేయించినప్పుడు బంతిని కళ్లకి ఎదురుగా పట్టుకోమన్నాను. సగం తిరిగేసరికి తన తల నీడే బంతి మీద పడింది. "అమ్మా, అమావాస్య అంటే ఇదే కదా!" అంది. ఆ మాటని తన మనసులోంచి తీయడానికి నాకు రెండు నెలలు పట్టింది.

అందుకే ఒక్కొక్కటీ చూసుకోండి.

నెల డైరీ పూర్తయ్యాకే ఈ ప్రయోగం. ముందు చేస్తే పిల్లలకి పోల్చుకోవడానికి ఏమీ ఉండదు, మీరు చెప్పింది నమ్ముతారు, అంతే.

గది పూర్తిగా చీకటిగా ఉండాలి. కిటికీలు దుప్పటితో మూయండి, ఫోన్లు బయట పెట్టండి. తెల్ల గోడకి దూరంగా గది మధ్యలో నిలబెట్టండి, లేకపోతే గోడ మీది వెలుగు బంతి చీకటి వైపున పడి ఆకారం చెరిగిపోతుంది. బల్బుకి డూమ్ ఉండకూడదు. టార్చి వద్దు, ట్యూబులైటు అసలే వద్దు. బల్బు పిల్ల తల ఎత్తులో ఉండాలి, పిల్ల దానికి కనీసం నాలుగడుగుల దూరంలో నిలబడాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. బంతిని చెయ్యి పూర్తిగా చాచి, తలకంటే కాస్త పైకి పట్టుకోవాలి. చెయ్యి నొప్పి పుట్టి దించేస్తారు, మీరు పక్కనుండి గుర్తు చేస్తూనే ఉండాలి. తల నీడ ఒక్కసారి కూడా బంతి మీద పడకూడదు. ఇది పిల్లల్ని మోసం చేయడం కాదు. నిజంగానే చందమామ దారి సూర్యుడి దారికి 5 డిగ్రీలు ఏటవాలుగా ఉంది, అందుకే మామూలు పౌర్ణమికి భూమి నీడ చందమామకి పైనుంచో కిందనుంచో పోతుంది. ఆ రెండు దారులూ దాటుకునే రెండు చోట్లే మన పంచాంగంలో రాహువు, కేతువు. పౌర్ణమో అమావాస్యో ఆ చోట్లకి దగ్గరగా వస్తేనే గ్రహణం. కానీ గ్రహణం మాట మొదటి నెలలో ఎత్తకండి. అడిగినా "వచ్చే నెల" అనండి. రెండూ కలిపి చెప్పినచోటే పిల్లలు తికమకపడతారు.

పిల్ల తలే భూమి. బల్బు వైపు తిరిగి మొదలుపెట్టి, తన ఎడమ చేతి వైపుకి, నెమ్మదిగా, బంతితో పాటు తనూ తిరగాలి. కుడివైపు తిరిగితే పక్షాలు తారుమారవుతాయి. ఒక చుట్టులో ఎనిమిది చోట్ల ఆపండి. ఆపిన ప్రతిసారీ మీరు పేరు చెప్పకండి. "ఈ బొమ్మ నీ పుస్తకంలో ఏ రోజు వేశావు?" అని మాత్రమే అడగండి. తనే పేజీలు తిప్పి "ఇది నాగుల చవితిది" అనాలి. బల్బుకి వీపు పెట్టి బంతంతా తెల్లగా చూసినప్పుడు "ఇది సముద్రం దగ్గర చూసిందే!" అనాలి.

ఒక్కరే చేయాలి, మిగతావాళ్లు కూర్చోవాలి, వాళ్లు మాట్లాడకూడదు. పక్కన కూర్చున్నవాళ్లకి అదే బంతి వేరే ఆకారంలో కనబడుతుంది, వాళ్లు "సగమే ఉంది కదా" అంటే చేసే పిల్ల కంగారు పడుతుంది. మీరు కూడా పక్కనుండి చూసి చెప్పకండి. చెప్పాల్సి వస్తే పిల్ల వెనకాలకి వెళ్లి, మీ తల తన తల పక్కన పెట్టి చూసి చెప్పండి. అందరి వంతూ అయ్యాక మళ్లీ కూర్చోబెట్టి, దూరం నుంచి చూస్తే బంతిలో సగం ఎప్పుడూ వెలుగులోనే ఉందని చూపించండి.

మా పిల్లలకి తిథి అంటే ఏమిటో కూడా ఇక్కడే తెలిసింది. చుట్టు 360 డిగ్రీలు, తిథులు 30, సూర్యుడి నుంచి చందమామ 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. మామ్మ చెప్పే ఏకాదశికి ఒక కోణం ఉందని తెలిశాక క్యాలెండరు వాళ్లకి మరోలా కనబడింది.

మర్నాటి నుంచి శుద్ధ అష్టమి కోసం కాచుకోండి. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి అదే బంతిని డాబా మీదికి తీసుకెళ్లి, ఎండలో చందమామ పక్కనే కనబడేలా చెయ్యి చాచి పట్టుకోమనండి. బంతి మీద వెలుగు ఎంత ఉందో చందమామ మీదా అంతే, అదే వాలులో ఉంటుంది. గదిలో చేసింది ఆట కాదని అప్పుడు నమ్ముతారు. సూర్యుడి వైపు మాత్రం చూడనివ్వకండి, బైనాక్యులర్స్ ఉంటే ఇంట్లోనే వదిలేయండి.

కొబ్బరికాయలతో దూరం

ఇది సులువు. పీచు తీసిన కొబ్బరికాయ భూమి, సుమారు 12 సెంటీమీటర్లు. పెద్ద ఉసిరికాయ చందమామ. ఎంత దూరంలో పెట్టాలో పిల్లల్నే పెట్టమనండి, అందరూ ఒక జానెడు దూరంలో పెడతారు. చార్టులు చేసిన పని అది. సరైన దూరం ముప్ఫై కొబ్బరికాయలు వరసగా పెట్టినంత, మూడున్నర మీటర్లకి పైనే. కొబ్బరితోటలుండే ఉద్దానం వైపు బంధువులుంటే నిజంగా ముప్ఫై కాయలు పేర్పించండి. ఇదే లెక్కలో సూర్యుడు 13 మీటర్ల గోళం, కిలోమీటరున్నరకి కాస్త తక్కువ దూరంలో. వ్యోమగాములుండే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం? కాయ మీద నాలుగు మిల్లీమీటర్ల ఎత్తు. అంతరిక్షం అంటే ఎక్కడో ఉందనుకునే పిల్లలు ఆ నాలుగు మిల్లీమీటర్లు చూసి చాలాసేపు మాట్లాడరు.

అప్పుడు చంద్రయాన్

రాకెట్ల వీడియోలు ముందు చూపించేవాళ్లుంటారు. పొగ, మంట తప్ప పిల్లలకి ఏమీ మిగలదు. ఇప్పుడు చూపించండి, వాళ్లే ప్రశ్నలు అడుగుతారు.

చంద్రయాన్-3 శ్రీహరికోట నుంచి 2023 జూలై 14న బయల్దేరి ఆగస్టు 23న దిగింది. అపోలో 11 మాత్రం 1969 జూలై 16న బయల్దేరి నాలుగు రోజుల్లో దిగింది. మనకి నలభై రోజులెందుకు? ఉయ్యాల ఎక్కించి చెప్పండి. బలమున్నవాడు ఒక్క తోపుతో పైకి పంపుతాడు. మనం ఉయ్యాల కిందికి వచ్చిన ప్రతిసారీ కొంచెం కొంచెం తోస్తాం. మన నౌక కూడా భూమికి దగ్గరగా వచ్చినప్పుడు ఇంజిను కాసేపు మండించుకుంటూ కక్ష్యని సాగదీసుకుంది. ఇంధనం తక్కువ పడుతుంది, చిన్న రాకెట్టు సరిపోతుంది.

తర్వాత క్యాలెండరు తీసి ఆగస్టు 23 ఏ తిథో చూడమనండి. శ్రావణ శుద్ధ సప్తమి. బంతిని సప్తమి దగ్గర పట్టుకుని, వెలుగూ చీకటీ కలిసే గీత ఎక్కడుందో చూడమనండి. చంద్రయాన్-3లో చందమామ మీద దిగిన నౌక విక్రమ్ సౌరఫలకాలతో పనిచేసేది, చందమామ మీద పగలు సుమారు 14 రోజులు. అందుకని దిగేచోట పొద్దెక్కుతున్న వేళే ఎంచుకున్నారు. సెప్టెంబరు మొదటి వారంలో అక్కడ పొద్దుగూకే ముందు విక్రమ్‌నీ, అందులోంచి దిగి తిరిగిన చిన్న బండి ప్రజ్ఞాన్‌నీ నిద్రపుచ్చారు. తెల్లవారాక మళ్లీ పిలిచారు, అవి లేవలేదు. మా చిన్నవాడు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

వచ్చే శుద్ధ సప్తమి సాయంత్రం పిల్లల్ని డాబా మీదికి తీసుకెళ్లండి. చందమామ దక్షిణపు అంచు దగ్గర, ఆ గీతకి కాస్త వెలుగు వైపున వేలు చూపించమనండి. విక్రమ్ ఇంకా అక్కడే ఉంది.