ఆర్థోటిక్స్‌ని రకరకాల బూట్లలో సరిగ్గా అమర్చుకోవడం ఎలా?

ఆర్థోటిక్ అంటే పాదానికి ఆధారమిచ్చి సరిదిద్దడానికి బూటు లోపల, అరికాలి కింద పెట్టుకునే ప్రత్యేకమైన పరుపు. పాదం అచ్చు తీసి ఎంత జాగ్రత్తగా చేసిన ఆర్థోటిక్ అయినా, అడుగు కుంగిపోయే బూటులో పక్కకి ఒరుగుతుంది. మడమ దగ్గర వదులుగా ఉండే బూటులో ముందుకి జారుతుంది. కాబట్టి బూటు ఎంపిక మొదటి పని, అమరిక రెండో పని, కత్తెర ఆఖరి పని. ఈ వరస తారుమారైతే డబ్బు వృథా.

ముందు మీ చేతిలో ఉన్నది ఏ రకమో చూసుకోండి. వేళ్ల కొసల దాకా ఉంటే పూర్తి పొడవుది. అరికాలి ముందు భాగంలోని మెత్తకి కాస్త వెనకే ఆగిపోతే ముప్పావు పొడవుది. ఈ రెంటికీ మధ్య, వేళ్ల మొదలు దాకా వచ్చేవీ ఉంటాయి. కింది గట్టి భాగాన్ని షెల్ అంటారు. అది పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌దో కార్బన్ ఫైబర్‌దో అయితే పలచగా ఉండి ఇరుకు బూట్లలో కూడా పడుతుంది. ఈవీఏ ఫోమ్ దిమ్మెలోంచి చెక్కినదైతే మందంగా ఉంటుంది, లోతున్న బూటు కావాలి.

బూటుకి మూడు పరీక్షలు

మడమ వెనక గోడని బొటనవేలితో నొక్కండి. చొట్టపడి లోపలికి పోతే ఆ బూటు వద్దు. తర్వాత ముందు, వెనక పట్టుకుని వంచండి. వేళ్ల మొదలు దగ్గర మాత్రమే వంగాలి, నడుమ మడతపడకూడదు. చివరగా తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టి చూడండి. తేలిగ్గా మెలితిరిగితే ఆర్థోటిక్‌కి కింద ఆధారం ఉండదు. వీటికి తోడు బూటుతో వచ్చిన లోపలి పరుపు, అంటే ఇన్‌సోల్, ఊడి రావాలి, పైన లేసులు గానీ వెల్క్రో గానీ ఉండాలి, మడమ ఎత్తు రెండున్నర సెంటీమీటర్లు దాటకూడదు.

కొనడానికి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. ఆర్థోటిక్స్‌నీ, రోజూ వేసుకునే సాక్సునీ వెంట తీసుకెళ్లండి. ఇరుకనిపించగానే షాపువాళ్లు ఒక సైజు పెద్దది తెచ్చి ఇస్తారు. తొందరపడకండి. యూకే కొలతలో ఒక సైజు పెరిగితే పొడవు దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. మీకు కావలసింది పొడవు కాదు, లోతూ వెడల్పూ. సైజు పెంచితే వేళ్ల దగ్గర ఖాళీ వస్తుంది గానీ మడమ లేచిపోతుంది, బూటు వంగే చోటు మీ పాదం వంగే చోటు కంటే ముందుకి పోతుంది. అదే సైజులో 2ఈ, 4ఈ అని రాసి ఉండే వెడల్పు రకాలు ఉన్నాయేమో అడగండి. దొరక్కపోతే అర సైజు పెంచుకోవచ్చు, అంతకు మించి వద్దు.

అమర్చే పద్ధతి

1. బూటులో ఉన్న ఇన్‌సోల్ తీసేయండి. అంటించి ఉంటే మడమ వైపు నుంచి మొద్దు చాకుతో మెల్లగా లేపండి. రాకపోతే హెయిర్ డ్రైయర్‌తో ఒక నిమిషం వేడిచేస్తే జిగురు వదులుతుంది. మిగిలిన జిగురు గడ్డల్ని గీకేయండి. లోపల చెయ్యి పెట్టి అంతా తడిమి చూడండి, కుట్టుముడులూ మేకు కొనలూ ఉంటే ఇక్కడే బయటపడతాయి. పాత ఇన్‌సోల్ మీదే ఆర్థోటిక్ పెట్టడం అందరూ చేసే పొరపాటు. మడమ పైకి లేచి బూటు వెనక గోడ పట్టులోంచి బయటికి వస్తుంది, మెట్టు దిగేటప్పుడు కాలు తూలుతుంది.

2. తీసిన ఇన్‌సోల్‌ని ఆర్థోటిక్ మీద పెట్టండి. మడమ అంచులు కలవాలి, ముందు అంచులు కాదు. ముందు భాగంలో ఇన్‌సోల్ చుట్టూ పెన్నుతో గీత గీయండి. ఎడమదీ కుడిదీ విడివిడిగా గీయాలి, ఒకదాని కొలతతో రెండోది కత్తిరించకండి.

3. గీతకి రెండు మిల్లీమీటర్లు బయటగా కత్తిరించి, బూటులో పెట్టి చూడండి. ముందు భాగం ముడతపడితే ఇంకో మిల్లీమీటరు తీయండి. కోసింది మళ్లీ అతకదు. కత్తెర తగలాల్సింది వేళ్ల దగ్గరి మెత్తటి భాగానికే. షెల్‌నీ మడమ చుట్టూ ఉండే గిన్నెలాంటి భాగాన్నీ ఇంట్లో ముట్టుకోవద్దు.

4. ఆర్థోటిక్‌ని లోపలికి తోసి, మడమ గిన్నె బూటు వెనక గోడకి ఆనేదాకా నెట్టండి. వెనక ఖాళీ మిగలకూడదు. ఇప్పుడు రెండు వేళ్లతో మడమ లోపలి అంచునీ బయటి అంచునీ మార్చి మార్చి నొక్కండి. టకటకమని ఊగుతోందా? అంటే షెల్ బూటు నడుము కంటే వెడల్పుగా ఉంది, అడుగు మీద కాక పక్క గోడల మీద కూర్చుంది. బలవంతంగా దిగ్గొడితే షెల్ వంగి పాదం వంపు ఆకారమే మారిపోతుంది. తయారుచేసిన చోటికి ఆ బూటుతో సహా తీసుకెళ్తే అంచుని మిషన్ మీద అరగదీసి ఇస్తారు.

5. సాక్సు వేసుకుని, లేసు కట్టి, నిలబడి చూడండి. కూర్చుని చూస్తే లాభం లేదు, బరువు పడినప్పుడే పాదం సాగుతుంది. పొడవైన వేలికీ బూటు కొసకీ మధ్య ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. కొందరికి పొడవైనది బొటనవేలు కాదు, దాని పక్కది.

ముప్పావు రకం నడుస్తుంటే జరుగుతూ ఉంటుంది. అడుగున మడమ దగ్గర వెల్క్రో ముక్క గానీ రెండువైపులా అంటుకునే టేపు గానీ వేయండి. రబ్బరు జిగురుతో అంటిస్తే ఇంకో బూటులోకి మార్చడం కుదరదు. బూటుతో వచ్చిన ఇన్‌సోల్ పలచగా, చదునుగా ఉండి, లోపల చోటుంటే దాన్ని తిరిగి పైన పరుచుకోవచ్చు. దానికే సొంతంగా వంపు ఉబ్బు ఉంటే మాత్రం వద్దు.

ఏ బూటులో ఏ చిక్కు

స్పోర్ట్స్ షూలో అమర్చడం అన్నిటికంటే సులువు. కానీ లోపలి వైపు గట్టి ఫోమ్ పెట్టి, పాదం లోపలికి ఒరగకుండా ఆపే రకాలు ఉంటాయి. పాదాన్ని సరిదిద్దే పని ఆర్థోటిక్ ఎలాగూ చేస్తోంది. రెండూ కలిస్తే పాదం బయటికి ఒరిగి చీలమండ బయటి వైపు నొప్పి మొదలుకావచ్చు. మామూలు న్యూట్రల్ రకం తీసుకోండి. మడమ లేస్తుంటే లేసు కట్టే తీరు మార్చండి: చివరి రంధ్రంలోకి లేసుని ఎదుటి వైపుకి దాటించకుండా అదే వైపు దూర్చి, చిన్న ఉంగరంలా వదలండి. రెండో వైపూ అంతే. ఎడమ కొసని కుడి ఉంగరంలోంచి, కుడి కొసని ఎడమ ఉంగరంలోంచి తీసి, కిందికి లాగి ముడేయండి. మడమ కదలదు.

ఆఫీసు తోలు బూట్లలో డెర్బీ రకం మేలు, లేసు రెక్కలు పూర్తిగా విచ్చుకుంటాయి. ఆక్స్‌ఫర్డ్ రకంలో రెక్కలు అంతగా విచ్చుకోవు, పైన బిగుతు. లోఫర్లలో, ఆడవాళ్ల బెల్లీ షూలలో లోతు ఉండదు, పట్టి ఉంచే లేసూ ఉండదు. వాటికి పలచటి షెల్‌తో, ముప్పావు పొడవులో రెండో జత చేయించుకోవడం తప్ప దారి లేదు. హైహీల్స్‌లో అమరిక అడగనే వద్దు, పాదం వాలుగా ఉంటే వంపు చోటే మారిపోతుంది.

ఫ్యాక్టరీల్లో వేసుకునే సేఫ్టీ షూల సంగతి వేరు. మన దేశపు ప్రమాణం ఐఎస్ 15298 అయినా అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 20345 అయినా, ఇన్‌సోల్‌తో వచ్చిన బూటుని ఆ ఇన్‌సోల్‌తోనే పరీక్షిస్తారు. అది తీసి ఆర్థోటిక్ పెడితే పాదం పైకి లేచి, ఇనుప టోపీ కింద వేళ్లకి చోటు తగ్గుతుంది. యాంటీ స్టాటిక్ బూటైతే, అంటే ఒంట్లో చేరిన స్టాటిక్ విద్యుత్‌ని నేలకి దింపేదైతే, మామూలు ఫోమ్ ఆ దారిని అడ్డుకుంటుంది. సేఫ్టీ ఆఫీసర్‌ని అడగకుండా మార్చకండి.

పిల్లల స్కూలు బూట్లలో నల్ల తోలు రకం పనికొస్తుంది. తెల్ల కాన్వాసు బూటు మూడు పరీక్షల్లోనూ తప్పుతుంది. పాదం పెరుగుతూ ఉంటుంది కాబట్టి మూడు నెలలకోసారి వేళ్ల దగ్గర ఖాళీ చూడండి.

ఇక మన ఇళ్ల సమస్య: గడప దాటగానే చెప్పులు బయటే. రోజులో సగం గంటలు గ్రానైటు నేల మీద వట్టికాళ్లతో గడిస్తే, బూటులోని ఆర్థోటిక్ మిగతా సగమే పనిచేస్తుంది. ఇంట్లోకి మాత్రమే అని ఒక జత పెట్టుకోండి. వెనక పట్టీ ఉండి, పాదం కింది పరుపు ఊడివచ్చే వెల్క్రో శాండిల్ అయితే ఆర్థోటిక్ అందులో కూర్చుంటుంది. వేలు దూర్చుకునే చెప్పుల్లో కూర్చోదు. వాటిలోనే వంపు కట్టి ఇచ్చే క్లినిక్కులు ఉన్నాయి.

అలవాటు, ఆ తర్వాత వచ్చే చిక్కులు

మొదటి రోజు ఒక గంట, తర్వాత రోజుకో గంట పెంచండి. పూర్తిగా అలవాటు కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, పరుగు ఆ తర్వాతే. పిక్కలూ వంపూ కొద్దిగా లాగడం మామూలే. ఒకేచోట కరుస్తుంటే, మోకాలో నడుమో కొత్తగా నొప్పి పెడితే, బూటు విప్పాక అరగంటైనా ఎర్రటి మచ్చ పోకపోతే ఆపేసి వెళ్లి చూపించండి. షుగర్ ఉండి పాదంలో స్పర్శ తగ్గినవాళ్లు అసలు ఇంట్లో కత్తిరించుకోవద్దు. కరిచేది వాళ్లకి తెలియదు, పుండు పడ్డాకే కనిపిస్తుంది. మొదట్లో గంటకోసారి బూటు విప్పి అరికాలు అద్దంలో చూసుకోవాలి.

కిర్రుకిర్రుమంటే షెల్ అంచు బూటుకి రాసుకుంటోందన్నమాట. అడుగున కొంచెం టాల్కం పౌడరు చల్లండి, ఆగకపోతే అంచు వెంబడి గుడ్డ ప్లాస్టర్ అంటించండి. చెమటకీ వానకీ తడిస్తే బయటికి తీసి నీడలో ఆరబెట్టండి. ఎండలో, ఆపి ఉంచిన కారులో వదిలేస్తే పై కవరు జిగురు ఊడుతుంది, ప్లాస్టిక్ వంపు తిరుగుతుంది.

సరిచేయించుకోవడానికి వెళ్లేటప్పుడు ఆర్థోటిక్స్ మాత్రమే పట్టుకెళ్లకండి. వాటిని పెడుతున్న బూట్లన్నీ, బాగా అరిగిన పాత జత ఒకటీ సంచిలో వేసుకోండి. పాత బూటు అడుగు ఎటు అరిగిందో చూస్తే ఏ అంచు సరిచేయాలో సగం తెలిసిపోతుంది. మీ పాదం అచ్చో స్కాన్ ఫైలో దాచి ఉంచారేమో కూడా అడగండి, ఆఫీసు బూటుకి రెండో జత కావాలంటే మళ్లీ కొలతలు ఇవ్వక్కర్లేకపోవచ్చు.