గులాబీకి వాసన లేదా, మొక్క నిలవడం లేదా? నెల్లూరు, ప్రకాశం ఇళ్లకు సమస్య - పరిష్కారం

మన వైపు గులాబీ పెంచేవాళ్ల కష్టాలు కొంచెం అటూ ఇటూగా ఒకటే. పువ్వుకు వాసన లేదు, నర్సరీలో బాగున్న మొక్క ఇంటికొచ్చి ఎండిపోయింది, ఆకులు పసుపెక్కాయి. వెంటనే ఏ మందు కొట్టాలని అడుగుతారు. వీటిలో చాలావాటికి మందు లేదు. మొక్క కొనేటప్పుడే చూసుకోవాల్సినవి ఇవి. అందుకే ప్రతి సమస్య దగ్గరా ఏ రకం కొనాలి, ఏది వద్దు అన్నది కూడా కలిపి చెబుతున్నాను.

పువ్వు చక్కగా ఉంది, వాసనే లేదు

ముందు ఎప్పుడు వాసన చూశారో గుర్తు తెచ్చుకోండి. గులాబీ వాసన రేకుల్లోని నూనెలది. ఎండ ముదిరేకొద్దీ అవి ఆవిరైపోతాయి. మే నెల మధ్యాహ్నం ఎంత మంచి గులాబీ అయినా పెద్దగా వాసన రాదు. పొద్దున ఏడింటిలోపు, సగం విచ్చిన పువ్వును చూడాలి. డిసెంబర్, జనవరి పొద్దుటిపూట కూడా వాసన లేదంటే ఆ రకమే అంత. పేడ ఎరువు వేసినా, ఇంకేం వేసినా రాదు.

బొకేల్లో కనిపించే డచ్ గులాబీలు ఇలాంటివే. పొడవాటి కాడ, వారం పాటు వాడని పువ్వు, లారీలో నలగని రేకు కోసం వాటిని తయారు చేశారు. ఆ పనిలో వాసనను ఎవరూ పట్టించుకోలేదు. ఇంట్లో దేవుడికి, జడలోకి పూలు కావాలనుకునేవాళ్లకు ఆ మొక్క పనికిరాదు.

మొదటి మొక్కగా నా ఓటు ఎడ్వర్డ్ గులాబీకే. చాలా నర్సరీల్లో నాటు గులాబీ అంటే దీన్నో, దీని దగ్గరి రకాన్నో చూపిస్తారు. గులాబీ రంగు, మధ్యరకం పువ్వు, నిండు వాసన. ఇది బోర్బన్ గులాబీల వంశం. ఆ వంశం పుట్టింది హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ అనే వెచ్చటి దీవిలో. మన వేడికి బెదరదు, కొమ్మ గుచ్చితే వస్తుంది, చలికాలంలోనే కాకుండా ఏడాదిలో చాలాసార్లు పూస్తుంది. పువ్వు ఒక రోజుకే రేకులు రాలుస్తుంది. అది జబ్బు కాదు, దాని స్వభావం. పొద్దున్నే కోసుకోవడమే.

ఎర్ర పువ్వు కావాలంటే 1897లో వచ్చిన గ్రూస్ ఆన్ టెప్లిట్జ్ గట్టి మొక్క, మంచి వాసన. పెద్ద పువ్వు కావాలనుకుంటే మిస్టర్ లింకన్ (1964) ముదురు ఎరుపు, డబుల్ డిలైట్ (1977) మీగడ రంగు మీద ఎరుపు అంచు. రెండూ ఘుమఘుమలాడతాయి, కానీ డబుల్ డిలైట్‌కు తెగుళ్లు త్వరగా పడతాయి. పాపా మెయాఁ వాసనలో మేటి, అయితే బూడిద తెగులుకూ నల్లమచ్చకూ ఇట్టే లొంగిపోతుంది. కొత్తవాళ్లు దాని జోలికి వెళ్లవద్దని నా సలహా. ఎడ్వర్డ్ ఒక ఎండాకాలం దాటాక ఇవి కొనుక్కోండి.

పేరు చీటీని మాత్రం నమ్ముకోవద్దు. పన్నీరు గులాబీ అని రకరకాల మొక్కలు అమ్ముతున్నారు. పువ్వున్న మొక్కనే తీసుకోండి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి కొనండి.

నర్సరీలో నిండా పూలు, ఇంట్లో నెలకే ఎండిపోయింది

మనకు వచ్చే మొక్కల్లో చాలావరకు కడియం వైపు నుంచి లారీల్లో వస్తాయి. వేరు చుట్టూ బంకమన్ను ముద్ద ఉంటుంది. ప్రయాణానికి అది మంచిదే. కుండీలో అలాగే పెడితే మాత్రం పైన పోసిన నీళ్లు ముద్ద పక్కనుంచి జారిపోతాయి, లోపల వేరు ఎండిపోతుంది. నాటేముందు బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచండి. బయటి మన్నును వేళ్లతో మెల్లగా వదులు చేయండి. ఉన్న పూలు, మొగ్గలు కోసేసి, మొదటి నెల వేరు పట్టనివ్వండి. పూలు తుంచడానికి మనసొప్పదు, తెలుసు. తుంచకపోతే వేరుకు పోవాల్సిన బలమంతా పువ్వుకు పోతుంది.

కొనే కాలం కూడా ముఖ్యం. ఫిబ్రవరి దాటాక కొన్న మొక్క వేరు పట్టేలోపే ఎండలు మీద పడతాయి. తుపాను వానలు తగ్గాక, డిసెంబర్ మధ్య నుంచి జనవరి ఆఖరుదాకా కొనండి. పూల లెక్క చూడొద్దు. మొదలు పెన్సిల్ మందం ఉండాలి, అంటు పైనుంచి రెండు మూడు కొమ్మలు రావాలి.

పెద్ద ఎర్ర పూలు పూసిన మొక్క ఇప్పుడు గుత్తులుగా చిన్న తెల్లపూలు పూస్తోంది

అంటు కట్టడానికి కింద వాడిన అడవి గులాబీ లేచింది. అంటు కట్టిన ఉబ్బు కిందనుంచి వచ్చే పిలక ఏదైనా దానిదే. కత్తిరిస్తే మళ్లీ రెండు లేస్తాయి. మన్ను తవ్వి, అది పుట్టిన చోటనుంచి పట్టి లాగేయాలి. పై అంటు పూర్తిగా చచ్చిపోయి ఉంటే ఇక చేసేదేం లేదు, ఆ మొక్క తీసేయండి. నాటేటప్పుడు అంటు ఉబ్బును మట్టి మీద రెండు వేళ్ల ఎత్తున ఉంచితే పిలక వెంటనే కంటపడుతుంది. కొమ్మ గుచ్చి పెంచిన నాటు గులాబీకి ఈ బాధే లేదు.

లేత ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చ; లేదా ఆకు అంచులు మాడిపోతున్నాయి

ఇవి చూడ్డానికి దగ్గరగా ఉన్నా రెండూ వేర్వేరు సమస్యలు. నెల్లూరు, ప్రకాశంలో గులాబీని ఎక్కువగా చంపేది పురుగు కాదు, నీళ్లు. అందుకే ఇక్కడ కొంచెం ఆగి చూడండి.

ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపెక్కితే మొక్కకు ఇనుము అందడం లేదు. నేలలో ఇనుము ఉన్నా, సున్నం శాతం ఎక్కువైన నల్లరేగడిలో, కఠినమైన బోరు నీళ్లు పోసేచోట అది వేరుకు దొరకదు. గూడూరు, పొదలకూరు నిమ్మతోటల రైతులకు ఈ పసుపు బాగా తెలుసు. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి. పది రోజులకొకసారి, రెండు మూడు సార్లు. కొత్త చిగురు పచ్చగా వస్తే సరిగ్గా పట్టుకున్నట్టే. పాత ఆకులు పూర్తిగా పచ్చబడవు.

అంచులు గోధుమరంగుకు మారి, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే అది ఉప్పు. సముద్రం దగ్గరి ఊళ్లలో, రొయ్యల చెరువుల పక్కన ఇది మరీ ఎక్కువ. ఆర్ఓ మిషన్ వదిలే నీళ్లు వృథా ఎందుకని మొక్కలకు పోసేవాళ్లున్నారు. దయచేసి గులాబీకి పోయకండి. బోరులోని ఉప్పంతా అందులో ఇంకా చిక్కగా ఉంటుంది. మిషన్ బాగుచేసే అతని దగ్గర టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన ఉప్పును కొలిచేది) ఉంటుంది, మీ బోరు నీళ్లు ఒకసారి చూపించుకోండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ వానల్లో డ్రమ్ముల్లో నీళ్లు పట్టి దాచుకోండి. నెలకోసారి, కుండీలో ఎంత మట్టి పడుతుందో దానికి రెండింతల మంచినీళ్లు మెల్లగా పోసి కిందనుంచి పోనివ్వండి. కొబ్బరి పొట్టు వాడేవాళ్లు దాన్ని రెండు మూడు సార్లు కడిగే వాడాలి, అందులోనూ ఉప్పు ఉంటుంది.

ఒంగోలు చుట్టుపక్కల రేగడిలో నేలమీదే నాటేవాళ్లు గుంత తవ్వి పెడితే వానకాలంలో అందులో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. ఎర్రమన్ను, చివికిన పశువుల ఎరువు కలిపి అడుగు ఎత్తు మడి కట్టి దానిపైన నాటండి. చౌడు అనే అనుమానం ఉంటే మట్టి పరీక్ష చేయించకుండా జిప్సం వేయొద్దు. నెల్లూరు, దర్శి కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడిగితే దారి చెబుతారు.

ఉప్పు నీళ్లు తప్ప గతి లేని ఇంట్లో ఖరీదైన హైబ్రిడ్ పెట్టడం మొక్కకూ మీకూ కష్టమే.

వానల్లో ఆకుల మీద నల్లమచ్చలు, ఆపైన ఆకులన్నీ రాలడం

నల్లమచ్చ తెగులు. ఆకు గంటల తరబడి తడిగా ఉంటే పుడుతుంది. రాలిన ఆకులు ఏరి పారేయండి, నీళ్లు ఆకుల మీద కాకుండా మొక్క మొదలు దగ్గరే పోయండి, మొక్కకూ మొక్కకూ మధ్య గాలి ఆడనివ్వండి. మాంకోజెబ్ లీటరుకు 2 గ్రాములు, వాన తెరిపిచ్చినప్పుడు కొట్టాలి. చలికాలంలో ఆకు మీద తెల్లటి బూడిద కనబడితే నీటిలో కరిగే గంధకం లీటరుకు 2 గ్రాములు. ఎండలు ముదిరాక గంధకం కొట్టొద్దు, ఆకు మాడుతుంది.

కత్తిరించాక కొమ్మ పైనుంచి నల్లబడుతూ కిందికి ఎండుతోంది

కొమ్మ ఎండు తెగులు. అక్టోబర్‌లో కత్తిరించాలని చాలాచోట్ల రాస్తారు. మనకు అసలు వానలు మొదలయ్యేదే అప్పుడు. తడిలో కోసిన గాయం మానదు. తుపాన్ల జోరు తగ్గాక డిసెంబర్ మొదట్లో కత్తిరించండి. దాదాపు 45 రోజులకు, సంక్రాంతి దాటగానే పూలు వస్తాయి. నల్లబడ్డ కొమ్మను కింద రెండు అంగుళాల పచ్చి భాగం కలిపి కోసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్దలా కలిపి పూయండి.

మొగ్గలు గోధుమరంగుకు తిరిగి విచ్చుకోవడం లేదు

మొగ్గను తెల్లకాగితం మీద దులపండి. సన్నటి పురుగులు కదిలితే తామర పురుగులు. పాడైన మొగ్గలు తుంచేసి, వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బునీళ్లతో సాయంత్రం కొట్టండి. ఆకు అడుగున సాలెగూడు లాంటి సన్నటి దారాలు, పైన దుమ్ము కొట్టినట్టు చుక్కలు ఉంటే ఎర్రనల్లి. పొద్దుటిపూట పైపుతో ఆకు అడుగుకు నీళ్లు గట్టిగా కొడితే చాలావరకు పోతుంది.

వాసన ఉన్న నాటు రకం ఎక్కడా దొరకడం లేదు

పాత ఇళ్ల పెరళ్లలో ఉంటుంది. డిసెంబర్‌లో వాళ్లు కత్తిరించేటప్పుడు అడగండి, ఎవరూ కాదనరు. పెన్సిల్ మందం, జానెడు పొడవు, నాలుగు కణుపులు ఉన్న కొమ్మ తీసుకోండి. కింది ఆకులు తీసేసి, సగం ఇసుక సగం మట్టిలో రెండు కణుపులు లోపలికి వెళ్లేలా గుచ్చి, నీడలో పెట్టండి. మట్టి తడిగా ఉంటే చాలు, బురద కాకూడదు. మొదటి చిగురు చూసి సంబరపడి మార్చొద్దు, అది కొమ్మలో దాచుకున్న బలంతో వచ్చేది. నెలన్నర ఆగి, కుండీ అడుగు రంధ్రంలో వేరు కనబడ్డాకే పెద్ద కుండీలోకి మార్చండి.