చలిలో పరుగుకు ఏం వేసుకోవాలి?

గుమ్మం దాటగానే కాస్త వణుకు పుట్టాలి. పుట్టలేదంటే ఒంటి మీద ఒక పొర ఎక్కువైనట్టే. పది నిమిషాల్లో ఒళ్లు ఎలాగూ వేడెక్కుతుంది కాబట్టి, బయటి ఉష్ణోగ్రతకు ఓ 8–10 డిగ్రీలు కలుపుకుని, అంత చలిలో నడకకు వెళ్తే ఏం వేసుకుంటారో అవే వేసుకోండి. స్వెట్టరూ మంకీక్యాపూ నడకకే.

ఒంటికి తగిలే పొర విషయంలో మాత్రం రాజీ వద్దు. నూలు బనియను చెమటను పీల్చి తనలోనే ఉంచుకుంటుంది; వేగం తగ్గించగానే ఆ తడే వణికిస్తుంది. పాలిస్టర్ టీషర్టు గానీ, పలుచని మెరినో ఉన్నిది గానీ మేలు. కాస్త ఒంటికి పట్టినట్టు ఉండాలి, వదులుగా ఉంటే చెమటను సరిగ్గా లాగదు.

హైదరాబాద్‌లో డిసెంబరు తెల్లవారుజామున 12–15 డిగ్రీలుంటే పొడుగు చేతుల టీషర్టు, షార్ట్స్ చాలు. ఆదిలాబాద్, లంబసింగి వైపు 5–8కి పడిపోతే టైట్స్ (కాళ్లకు అతుక్కుని ఉండే పొడుగు ప్యాంటు), పలుచని గ్లౌజులు, చెవులు కప్పే బ్యాండు కలపండి. గాలి వీస్తుంటే పైన పలుచని విండ్‌చీటర్. రెయిన్‌కోటు పనికిరాదు, లోపలి ఆవిరి బయటికి పోక బట్టలన్నీ తడుస్తాయి. షికాగో లాంటి చోట సున్నా కిందికి దిగితే మధ్యలో ఫ్లీస్ (మెత్తటి, వెచ్చటి సింథటిక్ బట్ట) పొర, మగవాళ్లకు ముందు భాగంలో గాలి ఆపే లోదుస్తులు తప్పనిసరి.

రెండేసి జతల సాక్సులు వేయకండి. బూటు బిగిసి రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి.

వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా, వచ్చేటప్పుడు గాలి వీపుకు తగిలేలా దారి ఎంచుకోండి. ఆగిన ఐదు నిమిషాల్లో తడి టీషర్టు మార్చేయండి.