ఇంట్లో ముందు కొనాల్సింది డ్రిల్లు కాదు

మా ఆఫీసులో కొత్తగా ఫ్లాటు కొనుక్కున్న అమ్మాయి మొన్న అడిగింది. "అక్కా, 108 ముక్కల టూల్ కిట్టు ఆఫర్లో ఉంది, తీసేసుకోనా?" వద్దన్నాను. అలాంటి పెట్టె నేనూ ఒకప్పుడు కొన్నాను. సగం ముక్కలకి ఇప్పటికీ కవరు విప్పలేదు. విప్పిన స్క్రూడ్రైవర్ల మొనలేమో రెండో స్క్రూకే అరిగిపోయాయి.

మా నాన్న కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరు. ఇంటి పనులకని ఆయన ఉంచుకున్నవి అరడజను సామాన్లే, ఓ పాత బిస్కెట్ల డబ్బాలో. ఆ డబ్బా ఇప్పుడు సికింద్రాబాదులో మా వంటింటి అటక మీదుంది. అందులో ఏమున్నాయో, ఏది ముందు కొనాలో ఆ అమ్మాయికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

మొదట టెస్టరు. వెనకున్న లోహపు టోపీకి వేలు ఆనాలి, ముందున్న ఇనుప కడ్డీకి మాత్రం ఏ వేలూ తగలకూడదు. కరెంటున్న తీగకి మొన ఆనిస్తే లోపలి నియాన్ బల్బు ఎర్రగా వెలుగుతుంది. వెలగలేదు కదా అని కరెంటు లేదనుకోవద్దు. రబ్బరు చెప్పులేసుకుని ప్లాస్టిక్ స్టూలెక్కితే వెలుగు కనపడనంత మసకగా ఉండొచ్చు, బల్బే పోయి ఉండొచ్చు. అందుకే పనిచేస్తోందని తెలిసిన ప్లగ్గులో ముందు పెట్టి చూసుకోవాలి. ఏదేమైనా ఆ గదికి కరెంటు ఆపే మీట, అదే ఎంసీబీ, దించకుండా స్విచ్ బోర్డు విప్పొద్దు. అది 230 వోల్టులు, ఆటలు కాదు. ఇంకోటి, టెస్టరుతో స్క్రూలు తిప్పొద్దు. మా ఆయన దాంతో పెయింటు డబ్బా మూత లేపాడు. పిడి పగిలిన టెస్టరుని పారేయడం తప్ప చేసేదేం లేదు.

తర్వాత 8 అంగుళాల కటింగ్ ప్లేయరు. నాది టపారియా కంపెనీది, 14 ఏళ్లుగా వాడుతున్నా. స్క్రూడ్రైవర్లు రెండు చాలు, స్టారుది ఒకటి, చదును మొనది ఒకటి.

నాకు అన్నిటికన్నా ముద్దొచ్చేది స్క్రూ పానా. నాన్నది 10 అంగుళాలది. మరని బొటనవేలితో తిప్పితే నోరు పెద్దదవుతుంది, చిన్నదవుతుంది. నట్టుకి పెట్టాక బిగించి, కాస్త ఆడించి చూడాలి. లూజుగా ఉంటే నట్టు మూలలు అరిగి గుండ్రంగా అయిపోతాయి, ఆ తర్వాత ఏ పానాకీ దొరకదు. కదిలే దవడ మీరు తిప్పే వైపుకి ఉండాలి. "బలం కదలని దవడ మీద పడాలె" అనేవాడు నాన్న.

దాంతో కారే నల్లా ఎలా బాగుచేయాలో చెప్తా. "సాయంత్రం వస్తానమ్మా" అన్న ప్లంబరు కోసం నాలుగు సాయంత్రాలు కాచుకుని నేర్చుకున్న విద్య ఇది. నాలుగైదు చుట్లు తిప్పి కట్టే పాత రకం నల్లా అయితే అరిగేది లోపలి రబ్బరు వాషరే. మిద్దె మీది గేటు వాల్వు కట్టేసి, నల్లా తెరిచి పైపులో మిగిలిన నీళ్లు పోనివ్వండి. పిడి ఊడదీసి, కిందున్న పెద్ద నట్టుకి పాతగుడ్డ చుట్టి పానాతో ఎడమవైపుకి తిప్పండి. గుడ్డ లేకపోతే మెరుగు మీద గాట్లు పడతాయి. బయటికొచ్చిన కడ్డీ చివర్న వాషరుంటుంది. వేలితో తడిమితే గుండ్రటి గాడి తెలుస్తుంది, నీళ్లు కారేది అక్కణ్నుంచే. ఆ పాత వాషరునే పట్టుకుని షాపుకెళ్లండి, సైజు నోటితో చెబితే రెండుసార్లు తిరగాల్సొస్తుంది. సగం తిప్పితే కట్టే కొత్త రకాల్లో ఈ వాషరు ఉండదు, లోపల నీళ్లు ఆపే ముక్క, అదే కార్ట్రిడ్జి, మొత్తం మార్చాలి.

నల్లా మొత్తం మార్చేటట్టయితే మరల సందుల్లోంచి నీళ్లు కారకుండా చుట్టే తెల్ల టేపు, టెఫ్లాన్ టేపు కావాలి. నల్లాకి మరలున్న కొన మీవైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపుకి 10, 12 చుట్లు లాగి చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు టేపంతా ఊడి ముద్దవుతుంది.

ఎండాకాలంలో ఫ్యాను నత్తలా తిరుగుతోందా? చాలాసార్లు తప్పు కెపాసిటరుది, అంటే ఫ్యాను తిరగడానికి ఊతమిచ్చే చిన్న డబ్బాది. షాపుల్లో దాన్నే కండెన్సరంటారు. మామూలు సీలింగ్ ఫ్యాన్లలో ఎక్కువగా 2.5 మైక్రోఫారాడ్‌ది ఉంటుంది. పాతదాని మీద అంకె చూసుకుని, షాపులో "రెండున్నర కండెన్సరు" అంటే ఇచ్చేస్తారు. ఎంసీబీ దించి, టెస్టరుతో చూసుకుని, ప్లాస్టిక్ పిడి స్క్రూడ్రైవరు మొనని కెపాసిటరు రెండు కొసలకీ ఒకేసారి ఆనించాకే చేత్తో ముట్టుకోండి. లోపల కరెంటు నిలవుండి చురుక్కుమంటుంది. కరెంటు తక్కువ కాల్చే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్లకి ఈ వైద్యం పనికిరాదు.

డ్రిల్లు అన్నిటికన్నా చివర్న. కొంటే హ్యామర్ ఉన్నదే, అంటే తిరుగుతూనే గోడని దబదబా కొట్టేదే కొనండి. 6 ఎం.ఎం. గోడ బిట్టు, స్క్రూ పట్టు కోసం రంధ్రంలో దూర్చే అదే సైజు ప్లాస్టిక్ గిట్టీలు ఇంటికి సరిపోతాయి. గిట్టీ పొడవు ఎంతో అంత దగ్గర బిట్టుకి ఇన్సులేషన్ టేపు చుట్టుకుంటే రంధ్రం ఎంత లోతు దిగిందో తెలుస్తుంది. టైలు మీదయితే మాస్కింగ్ టేపు అంటించి, టైలు దాటేదాకా హ్యామర్ ఆపేసి మెల్లగా తొలవాలి.

నేను మొదటిసారి తొలిచింది హాల్లో స్విచ్ బోర్డుకి సరిగ్గా పైన, నాన్న ఫోటో తగిలిద్దామని. ఫట్‌మంది, ఇల్లంతా చీకటి. బోర్డు నుంచి వైర్ల పైపు గోడలో నిట్టనిలువుగా పైకెళ్తుందని అప్పుడే తెలిసింది. ఎలక్ట్రీషియన్ వచ్చి గోడ కొట్టి కొత్త వైరు లాగాడు. ఇప్పుడు బోర్డులకి పైనా కిందా, అటూ ఇటూ జానెడు వదిలేస్తా. నాన్న ఫోటో వేరే గోడకి మారింది. ఆ అతుకు మీద క్యాలెండరు వేలాడుతోంది, అదీ జిగురు హుక్కుకే.

గ్యాసు పైపు, గీజరు లోపలి సామాను, మెయిన్ బోర్డు నేను ముట్టుకోను. వాటి కోసం డబ్బా మూత లోపలివైపు ఆ ఎలక్ట్రీషియన్ నంబరు, గ్యాసు వాళ్ల నంబరు మార్కరుతో రాసి పెట్టుకున్నా.