ఎక్స్చేంజ్ సెమిస్టర్ అయిపోయి ఇంటికొచ్చాక మళ్ళీ మన కాలేజీలో కుదురుకోవడం ఎలా

నేను 3-1 (బీటెక్ మూడో ఏడాది మొదటి సెమ్) మొత్తం జర్మనీలో, డ్రెస్డెన్‌లో చదివి మార్చి మొదటి వారంలో ఇంటికొచ్చాను, ఇక్కడేమో సంక్రాంతి అయిన వెంటనే 3-2 మొదలైపోయింది. మొదటి పది రోజులు నాకేదో అయిపోయింది అనుకున్నా, ఎవరితో మాట్లాడబుద్ధి కాదు, రాత్రి నిద్ర రాదు, క్లాసులో కూర్చుంటే ఎవరి క్లాసులోనో కూర్చున్నట్టు ఉండేది. వెతికితే దీనికి రివర్స్ కల్చర్ షాక్ అని పేరుంది అని తెలిసింది, 1963లోనే గల్లహార్న్ అని ఇద్దరు భార్యాభర్తలు దీని మీద రాశారట, బయట దేశం వెళ్ళినప్పుడు మూడ్ ఎలా కిందకి పడి పైకి లేస్తుందో ఇంటికొచ్చాక కూడా ఇంకోసారి అలాగే పడి లేస్తుందని, డబ్ల్యూ అక్షరం లాగా. నిజమే. కానీ నా విషయంలో ఆ షాక్‌లో సగం కల్చర్‌ది కాదు, అటెండెన్స్‌ది. కాగితాలు సెటిల్ అయిన రోజు రాత్రే నాకు మామూలుగా నిద్ర పట్టింది. అందుకే ఈ గైడ్‌లో ముందు కాగితాలు, తర్వాతే మనసు.

అక్కడ ఉండగానే చేయాల్సినవి

ఇక్కడికొచ్చాక చేద్దాంలే అనుకుంటే అవ్వనివి కొన్ని ఉంటాయి. మొదటిది అబ్‌మెల్డుంగ్, అంటే నేను ఈ ఊరు వదిలి వెళ్తున్నా అని టౌన్ ఆఫీసులో పేరు తీయించుకోవడం. ఖాళీ చేసే తేదీకి వారం ముందు నుంచి, ఖాళీ చేశాక రెండు వారాల లోపు చేయాలి. ఆ ఒక్క కాగితం ఉంటేనే మిగతా అన్నీ కదులుతాయి, హెల్త్ ఇన్సూరెన్స్ ఆపాలన్నా అదే, వీసా కోసం ముందే డబ్బు వేసి పెట్టిన బ్లాక్డ్ అకౌంట్ మూయాలన్నా అదే, నెలకి 18.36 యూరోలు కట్టించుకునే రేడియో టీవీ ఫీజు ఆపాలన్నా అదే. ఆ ఫీజు దానంతటదే ఆగదు, మనం రాసి పంపాలి, లేకపోతే మీ పాత అడ్రస్‌కి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా బస్సులకీ లోకల్ రైళ్ళకీ పనికొచ్చే నెలవారీ పాస్) ఉన్నవాళ్లు నెల పదో తారీఖు లోపు క్యాన్సిల్ కొట్టాలి, పదకొండున గుర్తొస్తే ఇంకో నెల డబ్బులు పోయినట్టే.

రూమ్ అప్పగించేటప్పుడు హౌస్‌మైస్టర్‌తో, అంటే బిల్డింగ్ చూసుకునే ఆయనతో కలిసి తిరిగి, గోడలు, స్టవ్, కిటికీ అన్నీ ఫోటోలు తీసుకుని, అప్పగింత కాగితం మీద సంతకం పెట్టించుకోండి, డిపాజిట్ తిరిగి రావడానికి నెలలు పట్టొచ్చు, అప్పుడు మీరు ఇక్కడుంటారు మీ మాట ఎవరూ వినరు, ఫోటోలే మాట్లాడతాయి. ఆ డిపాజిట్ పడేదాకా అక్కడి బ్యాంక్ అకౌంట్ మూయొద్దు. చిల్లర నాణేలు ఎయిర్‌పోర్ట్‌లో కాఫీకో దేనికో ఖర్చు పెట్టేయండి, ఇక్కడ మనీ ఎక్స్చేంజ్ వాళ్ళు నోట్లు తీసుకుంటారు గానీ నాణేలు ముట్టుకోరు.

ఇంకా, మీ ఇంటర్నేషనల్ ఆఫీస్ దగ్గర రెండు కాగితాలు అడగండి. ఒకటి మీరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అక్కడ చదివారో చెప్పే స్టే సర్టిఫికెట్, సంతకం, స్టాంప్‌తో. రెండోది వాళ్ళ గ్రేడింగ్ స్కేల్ వివరించే పేజీ. ఈ రెండో దాని విలువ నాకు కింద చెప్పబోయే సీన్‌లో తెలిసింది.

చాక్లెట్ల గురించి ఒక మాట. కాలేజీలో పంచడానికి రంగురంగుల గమ్మీలు కిలోల్లో కొంటాం కదా, వాటిల్లో చాలావాటిలో పంది జెలటిన్ ఉంటుంది. ప్యాకెట్ వెనక చూసి వీగన్ అని ఉన్నవే కొనండి, లేదా మామూలు చాక్లెట్ తెచ్చేయండి గొడవ ఉండదు.

అటెండెన్స్ లెక్క

దిగిన మర్నాడే కాలేజీకి వెళ్ళండి, జెట్‌లాగ్ ఉన్నా సరే, క్లాసుకి కాదు ఆఫీసుకి. ఎందుకో లెక్క చూడండి. సెమ్ 16 వారాలు అనుకుందాం. నాలుగు వారాలు లేటుగా జాయిన్ అయితే మిగిలింది 12 వారాలు, ఒక్క రోజు కూడా మానకుండా వెళ్తే సరిగ్గా 75 శాతం. ఐదు వారాలు లేటైతే 68.75, అంటే తగ్గిన అటెండెన్స్‌ని మన్నించమని కండోనేషన్ ఫీజు కట్టాలి. ఆరు వారాలు లేటైతే 62.5, జేఎన్‌టీయూ రూల్‌లో 65 కింద పడితే డీటైన్, అంటే ఆ సెమ్ మళ్ళీ చదవాల్సిందే, ఇంక మీరు రోజూ మొదటి బెంచీలో కూర్చున్నా లాభం లేదు. నేను ఆరు వారాలు లేట్.

దీనికి దారి ఒక్కటే, ఆ ఆరు వారాలూ ఆన్ డ్యూటీ కింద, అంటే కాలేజీ పని మీదే బయట ఉన్నట్టు రాయించుకోవడం. అక్కడి సెమిస్టర్ అక్టోబర్‌లో మొదలై పరీక్షలు ఫిబ్రవరి, మార్చిలో అవుతాయి కాబట్టి ఇక్కడి రెండో సెమ్ మొదలు తప్పకుండా మిస్ అవుతాం, ఇది వెళ్ళే ముందే అందరికీ తెలిసిన విషయం, అయినా ఎవరూ రాసి పెట్టరు. ఇంకా వెళ్ళనివాళ్లు చదువుతుంటే ఇప్పుడే ప్రిన్సిపల్ దగ్గర తేదీలతో సహా లెటర్ తీసుకోండి. ఆల్రెడీ వచ్చేసినవాళ్లు స్టే సర్టిఫికెట్, పరీక్షల టైమ్‌టేబుల్, బోర్డింగ్ పాస్, పాస్‌పోర్ట్‌లో స్టాంప్ పడిన పేజీ జిరాక్స్, ఇవన్నీ పిన్ కొట్టి ఒక రిక్వెస్ట్ లెటర్ రాసి ముందు మెంటర్ సంతకం, తర్వాత హెచ్‌ఓడీ, తర్వాత అకడమిక్ సెక్షన్, ఈ వరసలోనే వెళ్ళండి. నేను తెలివిగా డైరెక్ట్‌గా ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్ళా, ఆయన హెచ్‌ఓడీ సంతకం ఏది అన్నారు, హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్తే నన్ను దాటి పైకి వెళ్ళొచ్చావా అన్నారు, ఆ అలక తీరడానికి రెండు రోజులు పట్టింది. ఇచ్చిన లెటర్ కాపీ మీద ఆఫీసుకి అందినట్టు ఇన్‌వర్డ్ స్టాంప్ వేయించుకుని దాచుకోండి.

మిడ్-1 అయిపోయి ఉంటుంది, దానికి రీటెస్ట్ కూడా అదే లెటర్‌లో అడిగేయండి. ల్యాబ్‌లకి మాత్రం సార్ కంటే ల్యాబ్ అసిస్టెంట్ అన్న ముఖ్యం, ఆయన్ని మంచిగా అడిగితే సాయంత్రం నాలుగున్నర తర్వాత ల్యాబ్ తెరిచి మిస్ అయిన ఎక్స్‌పెరిమెంట్లు చేయిస్తాడు. అక్కడ రిపోర్ట్ టైప్ చేసి అప్‌లోడ్ కొట్టిన చేతులతో ఇక్కడ ఎడమ పేజీలో పెన్సిల్‌తో సర్క్యూట్, కుడి పేజీలో పెన్నుతో థియరీ, ఆరు వారాల రికార్డు ఒకేసారి రాస్తుంటే మధ్యవేలి మీద కాయ లేచింది. ఒకందుకు మంచిదే, అక్కడ నా పరీక్షలు 90 నిమిషాలవి, ఇక్కడ సెమ్ ఎండ్‌లో మూడు గంటలు రాయాలి కదా, చెయ్యి అలవాటు పడింది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నవాళ్లు ఈపాస్ (ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్) రెన్యువల్ అయ్యిందో లేదో అదే రోజు స్కాలర్‌షిప్ సెక్షన్‌లో కనుక్కోండి, దానికీ 75 శాతం అటెండెన్స్ లింకు ఉంది.

పదికి 1.3

నా ట్రాన్స్‌క్రిప్ట్ ఏప్రిల్‌లో వచ్చింది. పట్టుకుని ఎగ్జామ్ బ్రాంచ్‌కి వెళ్తే అక్కడి సార్ కళ్ళజోడు పైకి తోసుకుని కాసేపు చూసి, "ఏంటమ్మా, పదికి 1.3 నా? అంత ఖర్చు పెట్టి పంపితే ఇదా?" అన్నారు. వెనక లైన్లో ఉన్న జూనియర్లు నవ్వారు. జర్మనీలో 1.0 అంటే టాప్, 4.0 అంటే జస్ట్ పాస్, 5.0 ఫెయిల్ అని నేను నోటితో ఎంత చెప్పినా నమ్మలేదు, గ్రేడింగ్ స్కేల్ పేజీ చూపించాకే కూర్చోమన్నారు.

మార్చడం ఎలా అంటే మోడిఫైడ్ బవేరియన్ ఫార్ములా అని ఒకటుంది, మన మార్కుల్ని జర్మన్ గ్రేడ్‌లోకి మార్చడానికి వాళ్ళు వాడేది, దాన్ని తిరగేస్తే సరిపోతుంది. జర్మన్ గ్రేడ్‌లోంచి 1 తీసేసి 3తో భాగించి, మన టాప్‌కీ పాస్‌కీ ఉన్న తేడాతో గుణించి, టాప్‌లోంచి తీసేయాలి. మనకి టాప్ 10, పాస్ 5 అనుకుంటే 1.3 కి 9.5 వస్తుంది, 2.0 కి 8.33. మీ కాలేజీ ఇదే వాడాలని లేదు, సొంత టేబుల్ ఉంటే అదే ఫైనల్, కానీ ఏమీ లేకపోతే చేతిలో ఒక లెక్క ఉన్నవాడి మాట చెల్లుతుంది.

క్రెడిట్లది ఇంకో తలనొప్పి. అక్కడ సెమ్‌కి 30 ఈసీటీఎస్ (యూరప్ క్రెడిట్లు), మన దగ్గర ఆర్22 (జేఎన్‌టీయూ 2022 రెగ్యులేషన్)లో మొత్తం 160 క్రెడిట్లు అంటే సెమ్‌కి సగటున 20. అంటే సుమారుగా మూడు ఈసీటీఎస్‌కి రెండు క్రెడిట్లు. అసలు గొడవ సబ్జెక్ట్ మ్యాచింగ్‌తో వస్తుంది, పేరు కలవకపోతే సిలబస్ చూపించమంటారు, అందుకని ప్రతి సబ్జెక్ట్ మాడ్యూల్ డిస్క్రిప్షన్ ఇంగ్లీష్‌లో ఉన్న పీడీఎఫ్ అక్కడుండగానే డౌన్‌లోడ్ చేసుకోండి, ఎక్స్‌మాట్రికులేషన్ అయ్యాక, అంటే అక్కడి యూనివర్సిటీ మన పేరు తీసేశాక స్టూడెంట్ లాగిన్ పోతుంది. ఒక్క సబ్జెక్ట్ మ్యాచ్ అవ్వకపోయినా అది ఇక్కడ బ్యాక్‌లాగ్ లాగా కూర్చుంటుంది, ప్లేస్‌మెంట్స్‌లో నో బ్యాక్‌లాగ్స్ అనే కంపెనీలకి ఆ కథంతా చెప్పలేం కాబట్టి 4-1 మొదలయ్యేలోపు దీన్ని క్లియర్ చేయించుకోండి.

ఒంటి సంగతి

చలికాలంలో జర్మనీకి మనకి నాలుగున్నర గంటల తేడా. వచ్చాక రాత్రి మూడింటిదాకా నిద్ర రాదు, పొద్దున ఆరు నలభైకి కాలేజ్ బస్సు. మధ్యాహ్నం పడుకోకండి, పొద్దున్నే డాబా మీదకెళ్ళి ఎండలో నిలబడండి, నాకు ఐదారు రోజుల్లో సర్దుకుంది. జీరో డిగ్రీల్లోంచి వచ్చి మా ఖమ్మం ఎండలో పడ్డాను, మజ్జిగే దిక్కు. పానీపూరి మీద ఎంత ప్రేమున్నా రెండు వారాలు ఆగండి, నేను మూడో రోజే తిన్నా, నాలుగో రోజు ఓఆర్‌ఎస్ తాగా.

అన్నిటికంటే డేంజర్ రోడ్డు. అక్కడ బళ్ళు కుడివైపు నడుస్తాయి, దాటేటప్పుడు ముందు ఎడమకి చూసే అలవాటైపోతుంది, పైగా జీబ్రా క్రాసింగ్ మీద కాలు పెడితే కార్లు ఆగుతాయి. నేను కాలేజ్ గేటు ముందు అలాగే ఎడమకి చూస్తూ దర్జాగా దిగా, కుడి నుంచి ఆటో వచ్చి మోచేతికి అద్దం రాసుకుంటూ పోయింది, డ్రైవర్ అన్న మాట ఇక్కడ రాయలేను. ఒక నెల రోజులు నోటితో "కుడి, ఎడమ, కుడి" అనుకుంటూ దాటండి, ఎవరైనా చూసి నవ్వితే నవ్వనీండి.

ఫోన్ కూడా చూసుకోండి, ఇక్కడి సిమ్ 90 రోజులు వాడకుండా బ్యాలెన్స్ కూడా లేకుండా వదిలేస్తే నంబర్ పోతుంది, నంబర్ పోతే యూపీఐ, ఓటీపీలు అన్నీ పోతాయి. కొత్త ఫోన్‌లో యూపీఐ పెడితే మొదటి 24 గంటలు 5,000 దాటి పంపలేరు, హాస్టల్ ఫీజు ఆ రోజే కడదామని ప్లాన్ పెట్టుకోకండి.

ఇంట్లో, క్లాసులో

ఇంట్లో నా రూమ్ తలుపు ఎవరూ కొట్టకుండా తోసుకుని వస్తుంటే చిరాకేసేది, తిన్న ప్లేటు నేనే కడుక్కుంటే అమ్మ "నేనేమైనా చచ్చానా" అని ఏడుపు మొహం పెట్టేది. వాదించకండి. వారంలో ఒక రోజు వంట నాది అని మాట తీసుకోండి, అక్కడ చేసుకున్న పాస్తానో పప్పో చేసి పెట్టండి, మా నాన్న ఉప్పు లేదని తిడుతూనే రెండోసారి వడ్డించుకున్నారు, ఆ తర్వాత గిన్నెల గొడవ దానంతటదే పోయింది.

క్లాసులో మన సీటులో ఇంకొకళ్ళు కూర్చుని ఉంటారు, గ్రూపులో మనకి అర్థంకాని జోకులు ఉంటాయి, ఇది మామూలే. అర్జెంటుగా చూసుకోవాల్సింది ప్రాజెక్ట్ బ్యాచ్, నలుగురేసి ఎప్పుడో కట్టేసుకుంటారు, మనం ఫ్లైట్ ఎక్కకముందే సీఆర్‌కి (క్లాస్ రిప్రజెంటేటివ్) మెసేజ్ పెట్టి ఎక్కడ ఖాళీ ఉందో అడగాలి, లేకపోతే మిగిలినవాళ్లందరినీ కలిపి చేసే బ్యాచ్‌లో పడతాం. సీఆర్‌టీ (ప్లేస్‌మెంట్ ట్రైనింగ్) క్లాసులు కూడా నడుస్తుంటాయి, నోట్స్ ఎవరి దగ్గరుందో అప్పుడే కనుక్కోండి.

పాత అలవాట్లు కొన్నాళ్ళు బయటపడుతూ ఉంటాయి. అక్కడ క్లాస్ అయిపోతే చప్పట్లకి బదులు బల్ల మీద వేళ్ళతో కొడతారు, నేను ఇక్కడ మొదటి రోజు సిగ్నల్స్ క్లాస్ అవ్వగానే అలవాటుగా బెంచీ మీద టకటకా కొట్టా, సార్ బోర్డు దగ్గర్నుంచి తిరిగి "ఎవర్రా అది" అన్నారు, క్లాస్ మొత్తం నన్నే చూసింది. అప్పట్నుంచి నా పేరు జర్మనీ. పేరు పెడితే పెట్టించుకోండి, పేరు పెట్టారంటే మళ్ళీ కలుపుకున్నట్టే లెక్క.

దిగులు వారాల తరబడి పోకపోతే, తిండి నిద్ర రెండూ పాడైతే దాచుకోకండి, టెలీ మానస్ అని 14416 ఉంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడి జీవితం మిస్ అవుతుంటే దాన్ని పనికొచ్చేలా వాడుకోండి, జర్మన్ మర్చిపోకుండా హైదరాబాద్ బంజారాహిల్స్‌లో జర్మన్ నేర్పే గోథే సెంట్రమ్ ఉంది, తర్వాత బ్యాచ్ వెళ్ళేవాళ్లకి అప్లికేషన్‌లో సాయం చేయండి, వాళ్ళు మీ సోది ఎంతసేపైనా వింటారు.

మిగతావాళ్లు వినరు. అందుకే నా ఫ్రెండ్ ఒక రూల్ పెట్టింది, "అక్కడైతే" అనే మాట రోజుకి ఒక్కసారే వాడాలి, రెండోసారి వాడితే చాయ్ నేను కొనాలి. మొదటి వారం చాయ్‌లకే నా పాకెట్ మనీ అయిపోయింది. అక్కడ ఖాళీ ప్లాస్టిక్ బాటిల్ షాపులో మెషీన్‌లో వేస్తే 25 సెంట్లు తిరిగిస్తారు, ఆ అలవాటులో నేను ఇక్కడ కూడా తాగేసిన వాటర్ బాటిల్స్ అన్నీ హాస్టల్‌లో తన రూమ్‌కి మోసుకొచ్చి మంచం కింద పెట్టేదాన్ని, ఒక రోజు తను చీపురు పెట్టి ఊడుస్తుంటే ఒకదాని తర్వాత ఒకటి దొర్లుకుంటూ బయటికొచ్చాయి, "ఏందే ఇది, ఏరుకోవడానికా జర్మనీ వెళ్ళొచ్చింది" అని కూలబడి నవ్వింది. మొత్తం రెండు సంచులు అయ్యాయి, పాత సామాన్ల ఆయనకి వేశాం, తూకం వేసి 12 రూపాయలు ఇచ్చాడు. అక్కడైతే... వద్దులే, ఈరోజు కోటా అయిపోయింది.