మారథాన్‌కి మూడు వారాల ముందు, క్లబ్బుతో కలిసి 30 కిలోమీటర్ల రేసు

మా క్లబ్బులో నాది 6:15 గ్రూపు. అంటే కిలోమీటరుకి ఆరు నిమిషాల పదిహేను సెకన్ల చొప్పున పరిగెత్తేవాళ్లం. ప్రతి ఏడాదీ మారథాన్‌కి మూడు వారాల ముందు అందరం కలిసి ఒక 30 కిలోమీటర్ల రేసుకి వెళ్తాం. కొత్తగా చేరినవాళ్లకి నేను ముందుగా చెప్పే మాట: ఆ రోజు టైమ్ కోసం పరిగెత్తకండి, అది మారథాన్‌కి రిహార్సల్ మాత్రమే.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఈ మాట చెప్పేవాళ్లు లేరు. ఛాతీ మీద బిబ్ (రేసు నంబరు ఉండే కాగితం), చుట్టూ జనం, స్టార్ట్ లైన్ దగ్గర సంగీతం. కాళ్లు వాటంతట అవే పరిగెత్తాయి. 30 కిలోమీటర్లు 2 గంటల 53 నిమిషాల్లో ముగించి చాలా సంబరపడ్డాను. మూడు వారాల తర్వాత అసలు మారథాన్‌లో 32వ కిలోమీటరు బోర్డు దాటగానే తొడలు బిగుసుకుపోయాయి. మిగతా పది కిలోమీటర్లూ సగం నడకే. అంత దూరం పూర్తి వేగంతో పరిగెత్తితే కండరాలు కోలుకోవడానికి చాలా రోజులు పడుతుంది. నాకున్నది మూడే వారాలు.

అందుకే ఇప్పుడు మా లెక్క వేరు. మొదటి 10 కిలోమీటర్లు మారథాన్ పేస్ (మారథాన్‌లో కిలోమీటరుకి పట్టే టైమ్) కంటే అర నిమిషం నెమ్మదిగా, అంటే మా గ్రూపుకి 6:45లో. తర్వాత 15 కిలోమీటర్లు సరిగ్గా 6:15లో. చివరి 5 కిలోమీటర్లు ఒంట్లో ఎలా ఉంటే అలా, కానీ 6:15 కంటే వేగంగా మాత్రం కాదు. ఆ మొదటి పది కిలోమీటర్లే అన్నిటికంటే కష్టం. వెనక మొదలుపెట్టినవాళ్లు కూడా దాటుకుంటూ పోతుంటారు, మనకి చిన్నతనంగా అనిపిస్తుంది. పక్కవాళ్లతో మాట్లాడుతూ పరిగెత్తండి. పూర్తి వాక్యం ఆయాసం లేకుండా చెప్పగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టే. మాట మధ్యలో తెగిపోతుంటే తగ్గించండి.

మీకు దగ్గరలో 30 కిలోమీటర్ల రేసు లేక హాఫ్ మారథాన్ (సుమారు 21 కిలోమీటర్లు) మాత్రమే ఉంటే అదీ పనికొస్తుంది. స్టార్ట్‌కి గంటా ఇరవై నిమిషాల ముందే చేరుకుని, గ్రూపంతా కలిసి 8 కిలోమీటర్లు తేలిగ్గా పరిగెత్తి, రేసు మొదలవడానికి పది పదిహేను నిమిషాల ముందు లైన్లోకి రండి. మొత్తం 29 అవుతుంది.

గ్రూపులో ఐదారుగురికి మించి ఉండకపోతే మంచిది. ముందు ఒకరు పేస్ చూసుకోవాలి, అందరికంటే వెనక ఒకరు కచ్చితంగా ఉండాలి. వెనక ఉండే పని బాగా అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వండి. ఎవరి భుజాలు ఎత్తుకుపోతున్నాయో, ఎవరి అడుగు కుంటుతోందో కనిపించేది వాళ్లకే. బిబ్ వెనక ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు, మందుల అలర్జీ ఏదైనా ఉంటే అది పెన్నుతో రాయండి. చాలామంది ఆ ఖాళీ గళ్లు అలాగే వదిలేస్తారు, నాకది అస్సలు నచ్చదు.

ఇక రిహార్సల్ అంటే నిజంగా రిహార్సల్ కావాలి. మారథాన్ రోజు వేసుకోబోయే షూ, సాక్స్, షార్ట్స్, అన్నీ అవే. షూ అప్పటికే కొన్ని లాంగ్ రన్లు చూసి ఉండాలి. లేసు రెండు ముళ్లు వేసి, మిగిలిన చివర్లు అడ్డ లేసుల కిందకి దోపండి. చంకల్లో, తొడల మధ్య వాజెలిన్ రాయండి. మగవాళ్లు చనుమొనల మీద టేపు వేసుకోవాలి. మూడు గంటలు చెమటతో తడిసిన బట్ట రాసుకుంటే రక్తం వస్తుంది. నిద్ర లేచే టైమ్, తినే టిఫిన్, తిన్నాక ఎంతసేపటికి పరుగు అన్నది కూడా ఆ రోజులాగే ఉండాలి.

జెల్ (పరుగు మధ్యలో శక్తి కోసం తినే, చిన్న ప్యాకెట్లో వచ్చే చిక్కటి తీపి పదార్థం) గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఒంట్లో నిల్వ ఉండే గ్లైకోజెన్, అంటే కండరాలు వాడుకునే చక్కెర నిల్వ, చాలామందికి 30 కిలోమీటర్ల చుట్టుపక్కల అడుగంటుతుంది. అలసట వచ్చాక తింటే ఆలస్యమైపోయినట్టే. మొదటి జెల్ 40 నిమిషాలకి, ఆ తర్వాత ప్రతి 40 నిమిషాలకి ఒకటి. ఒక్కో దాంట్లో సాధారణంగా 20 నుంచి 25 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉంటుంది. గంటకి 30 నుంచి 60 గ్రాములు అందాలి. చెమట చేతులతో ప్యాకెట్ చింపడం అంత తేలిక కాదు, పళ్లతో మూల కొరికి, చిరిగిన ముక్కని జేబులో పెట్టుకోండి. మొత్తం ఒక్కసారి మింగకుండా మూడు నాలుగు సార్లుగా, వెంట నీళ్లతో తీసుకోండి. స్పోర్ట్స్ డ్రింక్‌తో కలిపితే చక్కెర ఎక్కువై కడుపులో తిప్పొచ్చు. ఏ జెల్ మీ కడుపుకి పడదో ఈ రోజే తెలియాలి.

వాటర్ స్టేషన్లో మొదటి టేబుల్ దగ్గరే అందరూ ఎగబడతారు. మీరు చివరి టేబుల్‌కి వెళ్లండి. పేపర్ కప్పు అంచుని వేళ్లతో నొక్కితే ముక్కులా అవుతుంది, అప్పుడు నీళ్లు ముఖం మీద పడకుండా నోట్లోకే వెళ్తాయి. దాహం లేకపోయినా ప్రతి చోటా కప్పులకి కప్పులు తాగకండి. నీళ్లు మరీ ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణాపాయం. పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. ఒక కిలో తగ్గితే సుమారు ఒక లీటరు లోటు అన్నమాట. బరువు పెరిగితే అవసరానికి మించి తాగారని అర్థం.

వాచీని మరీ నమ్మకండి. కోర్సుని, అంటే రేసు దారిని, కొలిచేది అతి దగ్గరి గీత మీద, మనం మలుపుల్లో బయటి వైపు తిరుగుతూ వెళ్తాం. 30వ బోర్డు దగ్గర వాచీ 30.3 చూపించడం మామూలే. ఆటో ల్యాప్ (ప్రతి కిలోమీటరుకీ వాచీ తనంతట తానే టైమ్ నమోదు చేయడం) ఆపేసి, బోర్డు వచ్చినప్పుడల్లా ల్యాప్ బటన్ మీరే నొక్కండి. మారథాన్‌లో 6:15 పేస్ అంటే 4 గంటల 24 నిమిషాలకి కాస్త తక్కువ. వాచీ చూపించే దూరాన్ని నమ్ముకుంటే అందులో రెండు నిమిషాలు తేలిగ్గా జారిపోతాయి.

మధ్యలో నొప్పి వస్తే? అలసటతో వచ్చే బరువు వేరు, ఒకే చోట గుచ్చినట్టు వచ్చి నడక తీరే మార్చేసే నొప్పి వేరు. రెండోది వస్తే ఆగిపోండి. కిందటేడాది మా గ్రూపులో ఒక అబ్బాయికి 18వ కిలోమీటరులో పిక్క పట్టేసింది. ఏడుపు మొహంతో నిలబడ్డాడు. వెనక ఉన్నావిడ తనూ ఆగి, అతన్ని వాలంటీర్ల దగ్గరికి నడిపించుకెళ్లింది. పది రోజులు పరుగు మానేశాడు, మారథాన్ పూర్తి చేశాడు. నొప్పి మాత్ర వేసుకుని లాగించడం మాత్రం వద్దు. ఐబుప్రొఫెన్ లాంటివి లాంగ్ రన్లో కిడ్నీల మీద భారం పెడతాయి.

ఫినిష్ దాటాక కూర్చోకుండా పది నిమిషాలు నడవండి, గంటలోపు ఏదైనా తినండి. తర్వాత క్లబ్బువాళ్లంతా ఒకచోట చేరి, ఎవరికి ఎక్కడ ఒరుసుకుంది, ఎవరికి కడుపు తిప్పింది, ఏ కిలోమీటరులో పేస్ తప్పింది అన్నీ చెప్పుకోండి, మీది మీరు అక్కడే ఫోన్లో రాసుకోండి. ఇంటికి వెళ్లేసరికి సగం మర్చిపోతారు. రెండు మూడు రోజులు నడక, లేదంటే మరీ తేలికైన పరుగు. వచ్చే ఆదివారం 20 కిలోమీటర్లు, ఆ తర్వాతి ఆదివారం 12. రెండిట్లోనూ చివరి 3 కిలోమీటర్లు 6:15లో, ఇదే షూతో.